రేచీకటి ఎవరింటి నుంచి వచ్చింది?

మునగాకు పప్పు పెట్టండి, క్యారెట్లు తినిపించండి, మేక కార్జం వేయించి పెట్టండి... చీకటి పడితే పిల్లాడికి చూపు ఆనడం లేదని ఎవరితోనైనా అని చూడండి. ఈ మూడింటిలో ఏదో ఒక సలహా వెంటనే వచ్చేస్తుంది. ఆ సలహాలో తప్పేమీ లేదు. ఎ విటమిన్ లోపంతో వచ్చే రేచీకటికి మంచి తిండి, విటమినే మందు. అందుకే తొమ్మిదో నెల నుంచి అయిదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి పిల్లల నోట్లో ఎ విటమిన్ ద్రావణం వేయిస్తున్నాం.

కానీ రేచీకటి అనే ఒక్క మాట వెనక వేర్వేరు జబ్బులున్నాయి. తిండిలో లోపం వల్ల వచ్చేది మందు వేస్తే పోతుంది. ఇంకోటి తల్లిదండ్రుల నుంచి జన్యువుల ద్వారా వచ్చేది. అది మునగాకుకు లొంగదు. పైగా ఏడాదికేడాది పెరుగుతుంది. డాక్టర్లు దీన్ని రెటినైటిస్ పిగ్మెంటోసా అంటారు, పొట్టిగా ఆర్‌పీ. ప్రపంచం మొత్తం మీద సుమారు 4 వేల మందిలో ఒకరికి ఉంటుందని లెక్క. మన దేశంలో చేసిన సర్వేల్లో ఇంకా ఎక్కువ మందిలోనే కనిపించింది. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వాళ్లు 1996లో మొదలుపెట్టిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల సర్వేలో, హైదరాబాద్‌లో చూపు పోవడానికి కారణాల్లో శుక్లాల తర్వాతి స్థానం రెటీనా జబ్బులదేనని తేలింది.

ఈ రెండో రకం రేచీకటి మా కుటుంబంలో ఉంది. జబ్బు గురించి ఎంత తెలుసుకోవాలో, ఆ జబ్బు పేరుతో ఇళ్లల్లో ఆడవాళ్లు పడే మాటల గురించీ అంతే చెప్పుకోవాలి. అందుకే ఇది రాస్తున్నాను.

"కరెంటు ఎప్పుడొస్తది?"

మాది నల్గొండ జిల్లా. ఉద్యోగాల కోసం వచ్చి మలక్‌పేటలో స్థిరపడ్డాం. మా అక్కది మేనరికం. మేనత్త కొడుకునే చేసుకుంది. ఇద్దరూ మగపిల్లలే. పెద్దవాడికి ఆరేళ్ల వయసులో, సాయంత్రం ఇంట్లో చిన్న బల్బు వెలుగుతుండగానే "చిన్నమ్మా, కరెంటు ఎప్పుడొస్తది?" అని అడిగేవాడు. మేం నవ్వేవాళ్లం. వాడి కళ్లకు ఆ వెలుతురు చాలడం లేదని ఎవరికి తోస్తుంది చెప్పండి?

గడప తగిలేది. స్టూలు తగిలేది. నీళ్ల బిందె తన్నుకుని పడేవాడు. "కళ్లు యాడ పెట్టుకున్నవురా" అని తిట్లు. సినిమాకి తీసుకెళితే సీటు దొరికేదాకా అక్క కొంగు వదిలేవాడు కాదు. మరి బడిలో? నల్లబల్ల మీది అక్షరాలన్నీ చక్కగా చదివేవాడు. పరీక్షల్లో మంచి మార్కులే. పగలు చూపు బాగుంటుంది కాబట్టే ఈ జబ్బు ఏళ్ల తరబడి దొరక్కుండా తప్పించుకుంటుంది.

తొమ్మిదో ఏట క్రికెట్ ఆడుతుంటే పక్కనుంచి వచ్చిన బంతి కనబడక కణతకు తగిలింది. ఎదురుగా వచ్చే బంతిని పట్టేవాడు, పక్కనుంచి వచ్చేది మాత్రం కనబడేది కాదు. అప్పుడు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన కంట్లో చుక్కలు వేసి, లోపలికి లైటు పెట్టి చూసి మొదట అడిగిన ప్రశ్న... "మీది మేనరికమా అమ్మా?"

కంటి లోపల ఏం జరుగుతుంది?

కన్ను ఒక కెమెరా అనుకుంటే, బొమ్మ పడే తెర రెటీనా. అది కంటి వెనక గోడకు అంటుకుని ఉండే పల్చటి పొర. అందులో వెలుతురును పట్టే కణాలు రెండు రకాలు. కడ్డీల్లాంటివి ఒక్కో కంట్లో సుమారు 12 కోట్లు. మసక వెలుతురులో చూడటం, పక్కల నుంచి వచ్చేది పసిగట్టడం వీటి పని. శంకువు ఆకారంలో ఉండేవి సుమారు 60 లక్షలు. రంగులు, చిన్న అక్షరాలు, ముఖాలు గుర్తుపట్టడం వీటి పని.

ఆర్‌పీలో ముందు కడ్డీ కణాలు ఒక్కొక్కటీ చచ్చిపోతాయి. అందుకే మొదట రాత్రి చూపు పోతుంది. తర్వాత పక్క చూపు తగ్గుతూ వస్తుంది. చివరికి గొట్టంలోంచి చూసినట్టుగా ఎదురుగా ఉన్న కొద్ది మేరే కనిపిస్తుంది. అప్పుడు కూడా పేపరు చదవగలరు. కానీ పక్కనే ఉన్న గ్లాసు కనబడదు. "పేపరు చదువుతడు, గ్లాసు కనబడదంటడు... నటిస్తున్నడు" అని మా వాడిని ఎంతమంది అన్నారో! నటన కాదు, జబ్బు తీరే అంత. కడ్డీల తర్వాత శంకు కణాల మీదా దెబ్బ పడుతుంది. ఏ వయసులో మొదలవుతుంది, ఎంత వేగంగా పెరుగుతుంది అన్నది కుటుంబాన్ని బట్టి, లోపమున్న జన్యువును బట్టి మారుతుంది. రాత్రి చూపు మాత్రమే తక్కువగా ఉండి, వయసుతో పెరగని రకాలూ లేకపోలేదు. అందుకే పేరు విని బెంబేలు పడకుండా పరీక్షలు చేయించాలి.

పరీక్షలు నొప్పి పుట్టించేవి కావు. రెటీనా ఫోటో తీస్తే, ముదిరిన జబ్బులో నల్లటి మచ్చలు ఎముక కణాల్లాగా శాఖలు చాచి కనిపిస్తాయి. పక్క చూపు ఎంత మిగిలిందో కొలిచే పరీక్ష ఒకటి. రెటీనా పొరలను కోసి చూపినట్టు చూపే ఓసీటీ ఒకటి. వెలుతురు పడినప్పుడు రెటీనాలో పుట్టే విద్యుత్తును కొలిచే ఈఆర్‌జీ ఇంకొకటి. పైకి మచ్చలు కనబడకముందే ఈఆర్‌జీలో జబ్బు బయటపడుతుంది.

తల్లులు గమనించవలసిన సంగతులు ఇంకొన్ని ఉన్నాయి. పుట్టు చెవుడున్న బిడ్డకు పెద్దయ్యే కొద్దీ రేచీకటి కూడా వస్తే అది అషర్ సిండ్రోమ్ అనే జబ్బు కావచ్చు. పుట్టినప్పుడు ఆరో వేలు ఉండి, బిడ్డ విపరీతంగా లావెక్కుతూ, చీకట్లో తడబడుతుంటే బార్డెట్-బీడిల్ అనే జబ్బు కావచ్చు. అందులో కిడ్నీలను కూడా చూపించాలి. నెలల బిడ్డ తల్లి ముఖం వంక నిలిపి చూడకపోతే, గుడ్లు అదే పనిగా అటూ ఇటూ కదులుతుంటే, బిడ్డ పిడికిలితో కళ్లు నొక్కుకుంటుంటే లెబర్ జబ్బు ఉందేమో చూడాలి. ఈ మూడూ రెటీనాకు సంబంధించిన వంశపారంపర్య వ్యాధులే.

"మా వంశంల ఎవ్వరికీ లేదు"

జబ్బు పేరు తెలిశాక ఇంట్లో మొదలైన రామాయణం జబ్బును మించిపోయింది. "మా వంశంల ఎవ్వరికీ లేదు. కోడలి తరఫు నుంచే వచ్చింది" అంది మా మేనత్త. అక్క పదేళ్లకు పైగా ఆ మాట పడింది. గ్రహణం నాడు బయటికి వచ్చిందని ఒకరు, కడుపుతో ఉన్నప్పుడు ఏదో మింగిందని ఇంకొకరు. బావ నోరు మెదపలేదు. కొడుకు చెయ్యి పట్టుకుని ఆస్పత్రుల చుట్టూ తిరగడం, ఇంటికొచ్చి ఈ మాటలు వినడం... రెండూ అక్క పనే అయ్యాయి.

ఇంతకీ నిజమేమిటి? మన శరీరంలో ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. ఒక ప్రతి చెడినా రెండోది మంచిదైతే చాలా జన్యువుల విషయంలో పని జరిగిపోతుంది. అలాంటివాళ్లను వాహకులు అంటారు. వాళ్లకు జబ్బు ఉండదు, రాదు. వాహకులమని వాళ్లకే తెలియదు. అలాంటి ఇద్దరు దంపతులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండూ చెడ్డ ప్రతులే వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆ బిడ్డకే జబ్బు. "మా వంశంల ఎవ్వరికీ లేదు" అన్న మాట నిజమే కావచ్చు. తరతరాలుగా ఎవరికీ కనబడకుండా దాగి వచ్చేదే ఈ జబ్బు.

కొన్నేళ్ల తర్వాత జన్యు సలహా కోసం వెళ్లినప్పుడు అక్కడి డాక్టరమ్మ కాగితం మీద మా వంశవృక్షం గీసింది. మగవాళ్లకు చదరాలు, ఆడవాళ్లకు సున్నాలు. మేనరికానికి జంట గీత. మా నాన్న, మా మేనత్త తోడబుట్టినవాళ్లు. వాళ్ల పైన తాతయ్య, నాయనమ్మ. ఆ ఇద్దరిలో ఒకరి నుంచి ఒక చెడ్డ ప్రతి మా నాన్నకూ వచ్చి ఉండాలి, మేనత్తకూ వచ్చి ఉండాలి. నాన్న నుంచి అక్కకు, మేనత్త నుంచి బావకు. అక్కడి నుంచి రెండూ కలిసి పిల్లాడికి. డాక్టరమ్మ మేనత్త సున్నాలో సగం నలుపు చేసి, "ఇది మీరేనమ్మా" అంది.

కోడలి తరఫు, కొడుకు తరఫు... రెండూ ఒకే ఇల్లు! మా మేనత్త పుట్టిల్లూ అదే కదా. ఆవిడ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. ఆ రోజు తర్వాత అక్కను ఆ మాట అనలేదు. అప్పటిదాకా అన్నవి మాత్రం వెనక్కి రావు కదా.

అన్ని కుటుంబాల్లోనూ జబ్బు ఇలాగే వస్తుందనుకోవద్దు. కొన్ని ఇళ్లలో ఒక్క చెడ్డ ప్రతి చాలు. తల్లికో తండ్రికో జబ్బు ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. మొట్టమొదట 1990లో అమెరికాలోని బోస్టన్‌లో కనుక్కున్న ఆర్‌పీ జన్యులోపం ఇలాంటిదే, రొడాప్సిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో. మరికొన్ని కుటుంబాల్లో లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అక్కడ తల్లి వాహకురాలు, జబ్బు ఎక్కువగా కొడుకులకు వస్తుంది. అలాంటి తల్లుల్ని ఎవరూ అనకపోయినా వాళ్లను వాళ్లే తిట్టుకుంటారు. ఏ జన్యువు ఇవ్వాలో ఎంచుకుని బిడ్డను కనే తల్లి లోకంలో లేదమ్మా! ఆర్‌పీకి కారణమయ్యే జన్యువులు ఇప్పటికి 80కి పైగా తెలిశాయి. రెటీనా వంశపారంపర్య జబ్బులన్నీ కలిపితే దాదాపు 300.

ఇంకో మేనరికం

మేనరికం చేసుకున్న వాళ్లందరి పిల్లలకూ జబ్బులొస్తాయా? రావు. అలా భయపెట్టడం తప్పు. మనలో ప్రతి ఒక్కరిలోనూ ఏవో కొన్ని జన్యువుల్లో చెడ్డ ప్రతి ఒకటి ఉంటుంది. బయటి సంబంధంలో ఇద్దరికీ ఒకే జన్యువు చెడి ఉండే అవకాశం తక్కువ. ఒకే తాత మనవడూ మనవరాలూ అయితే ఆ అవకాశం పెరుగుతుంది. అంతే తేడా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగోవంతు పెళ్లిళ్లు దగ్గరి బంధువుల మధ్య జరిగినవే. తెలంగాణలో అంతకంటే తక్కువ. ఆస్తి బయటికి పోదని, పిల్ల కళ్ల ముందు ఉంటుందని, కట్నం గొడవ ఉండదని... కారణాలు మనకు తెలిసినవే.

మా ఇంట్లో అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. అక్క రెండో కొడుకుకు చూపు బ్రహ్మాండంగా ఉంది. మంచి ఉద్యోగం. మా అన్నయ్య కూతురు దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షలకు కోచింగ్ తీసుకుంటోంది. "పిల్లగాడు బంగారం. బయట ఎవరికో ఇచ్చుడెందుకు?" అని పెద్దవాళ్లు మాట కలిపారు. వదినకు లోపల భయం. అన్నయ్యకు అక్క మనసు కష్టపడుతుందని మొహమాటం. అక్కేమో "నా చిన్నోడికి ఏం రోగం లేదు గదా" అంటుంది. మధ్యలో నేను.

లెక్క మాత్రం అంత తేలిక కాదు. జబ్బు లేని చిన్నవాడు వాహకుడయ్యే అవకాశం మూడింట రెండు వంతులు. నాన్న వాహకుడు కాబట్టి అన్నయ్యకు సగం, అన్నయ్య కూతురికి నాలుగోవంతు. ఇద్దరూ వాహకులైతే ప్రతి బిడ్డకూ మళ్లీ నాలుగోవంతు. మూడూ గుణిస్తే 24లో ఒక వంతు. వినడానికి చిన్నగానే ఉంటుంది. కానీ బయటి సంబంధంలో ఉండే అవకాశంతో పోలిస్తే అది ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా ఈ జబ్బుతో పిల్లాణ్ని పెంచడమేమిటో మా కళ్లతో చూసినవాళ్లం.

అదృష్టంతో ఆడుకోవడమెందుకు, పరీక్షే చేయిస్తే పోలా అనుకున్నాం. ముందు పెద్దవాడి రక్తం ఇచ్చాం. జబ్బున్న మనిషిలో ఏ జన్యువు చెడిందో తెలిస్తేనే మిగతావాళ్లలో దేన్ని వెతకాలో తెలుస్తుంది. ఈ వరస చాలామందికి తెలియదు. నూటికి 60, 70 కుటుంబాల్లో కారణం దొరుకుతుంది. మాకు దొరికింది. ఆ తర్వాత చిన్నవాడికి, అన్నయ్య కూతురికి ఆ ఒక్క జన్యువే చూశారు.

పరీక్షకు ముందు అన్నయ్య కూతురు ఒక మాట అంది. "అత్తా, పరీక్షల ఏం లేదని వస్తే నన్ను అడగకుండనే పెళ్లి చేసేస్తరా?" ఆ ప్రశ్నకు ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. పిల్ల ఇష్టం సంగతి అప్పటిదాకా ఎవరికీ గుర్తు రాలేదు మరి.

ఫలితం వచ్చింది. చిన్నవాడు వాహకుడు. అన్నయ్య కూతురూ వాహకురాలే. పెళ్లి మాట అక్కడితో ఆగిపోయింది. అక్క ఏడ్చింది. అయితే "నా ఇంట్ల అయింది ఆ పిల్ల ఇంట్ల కావొద్దు" అన్నది కూడా అక్కే. వదినకు కొత్త భయం పట్టుకుంది. "ఈ ముచ్చట బయటపడితే నా బిడ్డకు సంబంధాలొస్తయా?" వాహకురాలంటే రోగిష్టి కాదని, ఆ పిల్ల చూపుకు ఏమీ కాదని, బయటి సంబంధం చేసుకుంటే బిడ్డలకు జబ్బు వచ్చే అవకాశం చాలా తక్కువని, కావాలంటే పెళ్లికొడుక్కి కూడా అదే జన్యువు చూడొచ్చని డాక్టరమ్మే మళ్లీ కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. ఆ కాగితం దాచొద్దని పిల్ల పట్టుబట్టింది. "అడిగినోళ్లకు చూపిద్దాం. అది చూసి వద్దనేటోళ్లు నాకూ వద్దు" అంది.

ఈ పరీక్షలకు, సలహాకు మన ఊళ్లోనే చోటుంది. నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. మలక్‌పేటలోనో ఎల్‌బీనగర్‌లోనో మెట్రో ఎక్కితే మారకుండా పంజాగుట్టలో దిగొచ్చు. ఉప్పల్‌లో ఉన్న సీడీఎఫ్‌డీ నిమ్స్‌తో కలిసి జన్యు వ్యాధుల నిర్ధారణ చేస్తుంది. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డాక్టర్ చిత్ర కన్నబిరాన్ వంటి శాస్త్రవేత్తలు మేనరికపు కుటుంబాలతో సహా ఎన్నో కుటుంబాల్లో రెటీనా జన్యులోపాలను ఏళ్ల తరబడి వెతికారు. డబ్బు కట్టలేనివాళ్లకు అక్కడ ఉచిత వైద్యం ఉంది. మెహదీపట్నంలో సర్కారువారి సరోజినీ దేవి కంటి ఆస్పత్రి ఉండనే ఉంది.

మందు వచ్చిందా?

జన్యువు పేరు చెప్పగానే అక్క అడిగిన మొదటి ప్రశ్న... "ఆ మందున్న జన్యువేనా డాక్టరుగారూ?" కాదని చెప్పారు. ఆ "మందున్న జన్యువు" పేరు ఆర్‌పీఈ65. అక్క పేపర్లో చదివి గుర్తుపెట్టుకుంది.

దాని కథ చెప్పుకోదగ్గది. ఈ జన్యువు చెడితే పసితనం నుంచే చూపు ఆనదు. అమెరికాలో పుట్టుగుడ్డి కుక్కల్లో ఇదే లోపం ఉందని గుర్తించి, హాని చెయ్యని ఒక వైరస్‌లో మంచి జన్యువును పెట్టి వాటి రెటీనా కిందికి ఎక్కించారు. లాన్స్‌లాట్ అనే కుక్కకు చూపు వచ్చింది. ఆ ఫలితాలు 2001లో వెలువడ్డాయి. ఫిలడెల్ఫియాలో జీన్ బెనెట్, ఆల్బర్ట్ మగ్వైర్ అనే డాక్టర్ దంపతులు దాన్ని మనుషుల దాకా తెచ్చారు. మసక వెలుతురులో అడ్డంకులున్న దారిలో నడిపించి చూపును కొలిచారు. 2017 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. మందు పేరు లక్స్‌టర్నా. వంశపారంపర్య జబ్బుకు చెడ్డ జన్యువు పని మంచి జన్యువు చేత చేయించే మందుల్లో అమెరికా ఒప్పుకున్న మొదటిది ఇదే. రెండు కళ్లకు ధర 8 లక్షల 50 వేల డాలర్లు! అప్పటి లెక్కలో అయిదు కోట్ల రూపాయల పైమాట. పైగా ఇది ఒక్క ఆర్‌పీఈ65 చెడినవాళ్లకే పనిచేస్తుంది, అదీ రెటీనాలో బతికున్న కణాలు మిగిలి ఉంటేనే. అలాంటివాళ్లు చాలా కొద్దిమంది.

మరి మిగతావాళ్ల మాటేమిటి? ప్రయోగాలు జరుగుతున్నాయి. కొన్ని గెలిచాయి, కొన్ని ఓడాయి. ఎక్స్ క్రోమోజోమ్ రకానికి ఒక పెద్ద కంపెనీ చేసిన చివరి దశ ప్రయోగం 2025లో అనుకున్న ముఖ్య ఫలితం అందుకోలేకపోయింది. లెబర్ జబ్బులో ఒక రకానికి క్రిస్పర్ అనే జన్యు కత్తెరను 2020లో మొదటిసారి నేరుగా కంట్లోకి పంపారు. 2024లో ఫలితాలు వెలువడ్డాయి. 14 మందిలో 11 మందికి ఏదో ఒక కొలతలో మెరుగు కనిపించింది.

ఒక్కో జన్యువుకు ఒక్కో మందంటే ఎన్ని మందులు కావాలి? అందుకే ఏ జన్యువు చెడినా పనికొచ్చే దారులు వెతుకుతున్నారు. అమెరికాలో శంకర్ ముసునూరి సారథ్యంలోని ఓక్యుజెన్ కంపెనీ అలాంటి మందును 2024లో చివరి దశ ప్రయోగాల్లోకి తెచ్చింది. కోవిడ్ కాలంలో మన భారత్ బయోటెక్‌తో కోవాగ్జిన్ కోసం ఒప్పందం చేసుకున్న కంపెనీ ఇదే.

ఇంకో దారి మరీ వింత. వెలుతురును పట్టే కణాలన్నీ చచ్చిపోయినా వాటి వెనక ఉన్న నరాల కణాలు బతికే ఉంటాయి. నీళ్లలో పెరిగే నాచుజాతి జీవుల్లో వెలుతురును పసిగట్టే ప్రోటీన్ ఉంది. దాని జన్యువును ఆ నరాల కణాల్లో పెట్టారు. 2021లో ఫ్రాన్స్‌లో 58 ఏళ్ల ఆర్‌పీ రోగి ఒకాయన ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకుని, బల్ల మీది పుస్తకాన్ని చేత్తో తాకగలిగాడు, గ్లాసులు లెక్కపెట్టగలిగాడు. ముఖాలు గుర్తుపట్టేటంత చూపు కాదు. అయినా అన్నేళ్ల చీకటి తర్వాత గ్లాసు కనబడటం చిన్న సంగతా? ఇదే పద్ధతిలో నానోస్కోప్ అనే సంస్థ తొలి ప్రయోగాలు చేసింది మన దేశంలోనే.

ఈ మందులు ఏవి అందుబాటులోకి వచ్చినా డాక్టరు అడిగే మొదటి మాట "ఏ జన్యువు?" అనే. రెండో మాట "ఎన్ని కణాలు మిగిలాయి?" అని. కాబట్టి ఇప్పుడు మందు లేకపోయినా జన్యు పరీక్ష చేయించుకుని కాగితం భద్రంగా పెట్టుకోవడం మంచిదంటున్నారు డాక్టర్లు.

ఆశను అమ్మేవాళ్లున్నారు

పదేళ్ల పిల్లాడి తల్లి ఎంతకైనా తెగిస్తుంది. ఆ సంగతి తెలిసినవాళ్లు కొందరున్నారు, జాగ్రత్త! ఒకచోట మూలికల చుక్కలన్నారు. ఇంకోచోట నెలకోసారి ఇంజక్షన్లన్నారు. అక్క రెండు జతల గాజులు అలాగే పోయాయి. చూపు తగ్గేది తగ్గుతూనే ఉంది.

స్టెమ్‌సెల్స్ పేరు చెప్పి డబ్బు తీసుకునే చోట్లు ఇప్పుడు ప్రపంచమంతా ఉన్నాయి. అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక క్లినిక్‌లో పొట్ట కొవ్వు నుంచి తీసిన కణాలను రెండు కళ్లల్లోకీ ఒకేరోజు ఎక్కించారు. వయసుతో వచ్చే రెటీనా జబ్బున్న ముగ్గురు ఆడవాళ్లకు ఉన్న చూపు కూడా పోయింది. 2017లో వైద్య పత్రికలోనే ఈ సంగతి వచ్చింది. నిజమైన ప్రయోగానికి రోగి దగ్గర మందు ఖర్చు తీసుకోరు. రెండు కళ్లకూ ఒకేరోజు చేస్తామన్నా, చూపు తప్పకుండా వస్తుందన్నా లేచి వచ్చేయండి.

పెద్ద కంపెనీ యంత్రాలతోనూ ఇబ్బందులున్నాయి. రెటీనాలో చిప్ పెట్టే ఆర్గస్ 2 అనే పరికరానికి అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. 2019లో కంపెనీ దాని తయారీ మానేసింది. కంట్లో చిప్ ఉంది, చెడితే బాగుచేసే దిక్కు లేదు!

ఎ విటమిన్ మాట కూడా చెప్పాలి. రోజుకు 15 వేల యూనిట్లు వేసుకుంటే ఆర్‌పీ కాస్త నెమ్మదిస్తుందని 1993లో బోస్టన్ డాక్టర్లు అన్నారు. జన్యు వివరాలతో 2023లో ఆ లెక్కలే మళ్లీ చూస్తే లాభం కనబడలేదు. ఎక్కువ మోతాదు కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. స్టార్‌గార్డ్ అనే మరో వంశపారంపర్య రెటీనా జబ్బులో చూపుకే చేటు. కాబట్టి మునగాకు కూర నిరభ్యంతరంగా తినండి. విటమిన్ బిళ్లలు మాత్రం సొంతంగా వేసుకోవద్దు.

చూపు తగ్గితే చదువు ఆగాలా?

మా పెద్దవాడికి ఇప్పుడు 30 దాటాయి. కంప్యూటర్ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాడు. ఫోన్ మాట్లాడుతుంది. ఉద్యోగం చేస్తున్నాడు. చేతికర్ర పట్టుకోవడానికి మాత్రం మూడేళ్లు ఒప్పుకోలేదు. కర్ర పడితే గుడ్డివాడంటారని వాడి బాధ. పట్టుకున్నాక దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్‌లో జనం తోసుకోవడం మానేసి దారి ఇస్తున్నారు. "ఇదివరకు తాగుబోతు అనుకునేటోళ్లు చిన్నమ్మా" అని నవ్వుతాడు.

మన మలక్‌పేట నల్గొండ చౌరస్తాలోనే వికలాంగుల సంక్షేమ భవన్ ఉంది. ఏటా జనవరి 4న అక్కడ లూయీ బ్రెయిలీ జయంతి చేస్తారు. ఆ దారిన రోజూ పోయే మనలో ఎంతమందిమి లోపలికి తొంగి చూశాం? 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉందని ధ్రువపత్రం ఉంటే ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఉంది. పూర్తిగా చూపు పోతేనే ఇస్తారనుకోవద్దు. పక్క చూపు బాగా తగ్గినా లెక్కలోకి వస్తుంది. యూడీఐడీ కార్డు తీయించండి. పిల్లలైతే బడిలో ముందు బెంచీ, పరీక్షలో అదనపు సమయం అడగండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇవి గుర్తుంచుకోండి

- పిల్లలు సందె చీకట్లో తడబడుతుంటే, సినిమా హాల్లో చెయ్యి వదలకపోతే తిట్టకండి. కంటి డాక్టరుకు చూపించి, రెటీనా పరీక్ష చేయమని అడగండి.

- ఇంట్లో ఒకరికి ఆర్‌పీ ఉందని తేలితే తోడబుట్టినవాళ్లందరికీ కళ్లు చూపించండి.

- ఏడాదికోసారి పరీక్ష మానొద్దు. ఆర్‌పీ ఉన్నవాళ్లకు చిన్న వయసులోనే శుక్లాలు రావచ్చు, రెటీనా మధ్యలో నీరు చేరవచ్చు. ఈ రెండింటికీ వైద్యం ఉంది.

- జన్యు పరీక్ష ముందు జబ్బున్నవాళ్లకు, తర్వాత మిగతావాళ్లకు. కుటుంబంలో జబ్బు ఉండి మేనరికం తలపెడితే పెళ్లి మాటలకు ముందే సలహా తీసుకోండి. పిల్ల ఇష్టం అంతకంటే ముందే అడగండి.

- ఎవరింటి నుంచి వచ్చిందని అడగడం డాక్టరు పని. వైద్యానికి ఆ జవాబు కావాలి. అత్తగారికీ ఆడపడుచుకీ దానితో పని లేదు. పిల్లాడి చెయ్యి పట్టుకుని మెట్లు దింపడానికి ఎవరో ఒకరు కావాలి. ఆ పనికి అందరూ పోటీ పడితే బాగుంటుంది!